తాజాగానే ఉంది

హుద్‌హుద్ పాత టీవీని ముంచేసిన మరుసటేడు
దీన్ని కొన్నాం, డాబాగార్డెన్స్‌లో,
పద్దెనిమిది వాయిదాల మీద.
మల్కాపురం మెట్లదారిలో నలుగురం
ఓడకి అద్దం బిగించేటప్పుడు మోసినంత జాగ్రత్తగా
మోసుకొచ్చాం.

ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలుగా రాలిపోయాయి.
గేటు గడియ రెండుసార్లు మార్చాం.
దీని బొమ్మ మాత్రం ఇవాళ్టికీ
వేకువన ఒడ్డుకి దిగిన వంజరం కన్నులా తేటగా ఉంది.

వినపడనిది నాకే.
ముప్పై ఒక్కేళ్లు ఓడల అడుగు గదుల్లో పడుకుని
తుప్పు కొట్టినవాణ్ణి.
ఇనుప గదిలో సుత్తి దెబ్బ
బయటికి పోదు,
మనిషిలోకే దూరుతుంది.

ఎదురింటి బంగారినాయుడు కొత్త టీవీలో
ఎవరు మాట్లాడినా కింద తెలుగు అక్షరాలు
చీమల బారులా నడుస్తున్నాయి.
తలుపు కొడితే "తలుపు చప్పుడు" అని రాస్తోంది.
దూరంగా ఉరిమితే అదీ రాస్తోంది.
ఉరుము కూడా!
అదే కంపెనీ. మూలన అదే పేరు.

ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని
సెట్టింగుల్లో అడుక్కంటా వెళ్లి నొక్కాను.
చక్రం కాసేపు తిరిగి
"మీ టీవీ తాజాగానే ఉంది" అంది.

శ్రీహరిపురం నుంచి మెకానిక్ తాతబ్బాయి వచ్చాడు.
వెనక్కి తిప్పి, నంబరు చదివి,
నా మొహం మీదకి వంగి అరిచాడు.
"దీని పొట్టలో సోటు నేదు మావా.
కొత్తది కూరితే పాతది కూడా కక్కేస్తాది.
గాజువాకలో ఒకాయనకి అలాగే అప్‌డేట్ వచ్చింది,
ఇప్పుడది నిద్ర లేవడానికే నాలుగు నిమిషాలు."
నిజమే కావచ్చు.
వాడు నా దగ్గర డబ్బులు కూడా తీసుకోలేదు.

అయినా నాకొకటి గుర్తొస్తుంది.
నా కన్నా పెద్దదో డ్రెడ్జరు
డ్రై డాక్‌లోకి వచ్చేది, ఒళ్లంతా గుల్లలతో.
నీది ఏ సంవత్సరం మోడల్ అని దాన్నెవరూ అడగలేదు.
గేజీ పెట్టి రేకు మందం కొలిచారు,
జానెడు జానెడుకీ సుద్దముక్కతో అంకె వేశారు.
మోస్తుందన్న చోట కొత్త రాడారు నిలబెట్టారు.
మోయదన్న చోట మోయదన్నారు,
కొలిచి అన్నారు.

దీన్నెవరు కొలిచారు?
ఏ ఊళ్లో, ఏ బల్ల దగ్గర
ఒక తేదీ కింద గీత గీసి
ఇటువైపు వాళ్లకి చాలు అనుకున్నారు?
నాకు ఆటలొద్దు, పిలిస్తే పలికే బొమ్మొద్దు,
ఆ సోకులన్నీ బంగారినాయుడికే ఇవ్వండి.
అక్షరాలివ్వండి.

అందాకా మా ఇంట్లో అక్షరాలు నూకాలే.
నా కుడిచెవి పక్కన కూర్చుని
అరగంట గొడవని రెండు ముక్కలు చేసి పడేస్తుంది.
"ఆస్తి తగువు."
"ఆడు అబద్దవాడతన్నాడు."
ఒకరోజు పొట్ట పట్టుకుని నవ్వింది.
ఏటన్నాడే అంటే
"ఏటీ నేదు, సెప్తే నీకు నవ్వు రాదు" అంది.
ఆ నవ్వు నాకింకా బాకీ.

మొన్న జలుబు చేసి ఆవిడ గొంతు పోయింది.
మూడు రోజులు ఇద్దరం
నోళ్లు కదలడం చూస్తూ కూర్చున్నాం.

బీరువాలో కాంట్రాక్టరు ఇచ్చిన మెడికల్ కార్డు ఉంది.
ప్రతి జనవరిలో ఒక డాక్టరు
చెవి దగ్గర వాచీ పెట్టి, తీసేసి,
నా జవాబు వినకుండానే రాసేవాడు.
వినికిడి: సక్రమం.
ముప్పై ఒక్క వరసలు, ఒకే ముద్ర.
ఆఖరి ముద్ర నాటికి
ఆ వాచీ ఆడుతోందో ఆగిపోయిందో నాకు తెలీదు.

రాత్రి మళ్లీ నొక్కాను.
చక్రం తిరిగింది.
తాజాగానే ఉంది.
పక్కన నూకాలు ఏదో అంది.
ఇంకోసారి అనమన్నాను.